లేచేముందు చీటీ: అలన్ ట్యూరింగ్ జీవితం, మన స్టాటిక్ వేరియబుల్

మినీ ప్రాజెక్టు డెమోకు రెండు రోజుల ముందు సంగతి. కొండగట్టు చిన్న జయంతికి అంజన్న దీక్షాపరులు గుట్ట నిండా వస్తరు. ఆ రద్దీలో పిల్లలు చేయి వదిలి తప్పిపోతుంటరు. అట్ల దొరికిన పిల్లల వివరాలు వాలంటీర్లు ఫోన్‌లోనే నమోదు చేసుకునేటట్టు ఒక చిన్న యాండ్రాయిడ్ యాప్ మేం నలుగురం కలిసి చేసినం. పేరు, వయసు, బట్టల రంగు, ఊరు నింపాలె. కెమెరా నొక్కి ఫోటో తీయాలె. సేవ్ కొట్టాలె. అంతే.

నా ఫోన్‌లో మస్తు సార్లు నడిచింది. హాస్టల్‌లో ఒక దోస్తు దగ్గర రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్ ఉంటే, దాంట్లో కూడా వేసి చూద్దామనుకున్నం. వివరాలు నింపినం, కెమెరా తెరిచినం, ఫోటో తీసి వెనక్కి వచ్చినం. యాప్ ఢమాల్. మళ్లీ తెరిస్తే పేరు లేదు, ఊరు లేదు, ఏమీ లేదు.

తప్పు నాదే. ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు పంపే బాధ తప్పుతుందని వివరాలన్నీ ఒక క్లాసులో స్టాటిక్ వేరియబుల్స్‌గా పెట్టిన. స్టాటిక్ అంటే కదలనిది, కాబట్టి పోనిది అనుకున్న. అది ఎందుకు పోయిందని వెతుక్కుంటూ పోతే చివరికి నేను తేలింది 1936లో రాసిన ఒక లెక్కల వ్యాసం దగ్గర. రాసినాయన అలన్ ట్యూరింగ్. ఆయన జీవితం చదివినంక స్టాటిక్ సంగతి నాకు ల్యాబ్ మాన్యువల్ కంటే బాగా తలకెక్కింది. అందుకే ఆ రెండూ కలిపి చెప్తున్న.

తండ్రి తెలుగు జిల్లాల్లో, కొడుకు ఇంగ్లండులో

ట్యూరింగ్ మనం అనుకునేంత దూరపు మనిషి కాదు. ఆయన తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఐసీఎస్ అధికారి. 1896లో ఓడెక్కి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. బళ్లారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశాడు. కొలువు కోసం తెలుగు కూడా నేర్చుకున్నాడు. తల్లి ఈథెల్ సారా పుట్టింది కోయంబత్తూరు పక్కనున్న పోదనూరులో. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజినీరు. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించింది ఆయనే. అంటే ట్యూరింగ్ తాత మన బాపతే, ఇంజినీరు.

అలన్ 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. తండ్రి కొలువు మాత్రం ఇక్కడే. పిల్లలకు ఇక్కడి వాతావరణం పడదని అన్న జాన్‌నూ అలన్‌నూ ఇంగ్లండు సముద్రపు ఒడ్డున సెయింట్ లెనార్డ్స్‌లో ఒక రిటైర్డ్ సైనికాధికారి ఇంట్లో ఉంచారు. తల్లి వస్తూ పోతూ ఉండేది. జగిత్యాల, కరీంనగర్ దిక్కు పుట్టిన మనకు ఈ ముచ్చట విడమరిచి చెప్పే పని లేదు. నాన్న దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగిన వాళ్లు మన క్లాసులోనే ఎంతమంది లేరు? కాకపోతే ఇక్కడ దిక్కు తిరగబడింది. ఆ తండ్రికి మన ఊళ్లే గల్ఫ్.

1926లో, 13 ఏళ్ల వయసులో అలన్ షెర్బోర్న్ బడిలో చేరాల్సిన రోజున దేశమంతా సమ్మె. రైళ్లు లేవు. సైకిలెక్కి, దారిలో ఒక రాత్రి ఆగి, 60 మైళ్లు తొక్కి బడికి చేరుకున్నాడు. ఆ బడిలో లాటిన్, గ్రీకులకున్న మర్యాద సైన్సుకు లేదు. తలమాసిన, దస్తూరీ బాగాలేని ఈ పిల్లవాడు చాలామంది టీచర్లకు నచ్చలేదు. దొరికిన గట్టి దోస్తు ఒక్కడే, క్రిస్టఫర్ మోర్కమ్. ఇద్దరికీ లెక్కలన్నా నక్షత్రాలన్నా ప్రాణం. 1930 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ క్షయతో చనిపోయాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అలన్ అతని తల్లికి ఉత్తరాలు రాశాడు. శరీరం పోయినంక అందులోని మనసు ఎక్కడైనా నిలుస్తుందా అన్న ప్రశ్న అప్పట్నుంచి ఆయనను వదల్లేదు.

1936: లేచి పోయే మనిషి

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరి, 22 ఏళ్లకే అక్కడ ఫెలో అయ్యాడు. అప్పుడు గణితంలో డేవిడ్ హిల్బర్ట్ వేసిన ఒక పెద్ద ప్రశ్న నిలిచి ఉంది. ఏ గణిత వాక్యం ఇచ్చినా అది నిరూపించదగినదో కాదో యాంత్రికంగా తేల్చే పద్ధతి ఉందా? దీనికి జవాబు చెప్పాలంటే ముందు యాంత్రికం అంటే ఏమిటో తేల్చాలి. ట్యూరింగ్ అక్కడ మొదలుపెట్టాడు. గళ్లు గీసిన పొడవాటి టేపు, ఒకసారికి ఒక్క గడినే చూసే తల, లెక్కపెట్టదగినన్ని స్థితులు. ఆటోమేటా థియరీలో పదేసి మార్కులకు మనం గీసే బొమ్మ ఇదే. అలాంటి పద్ధతి లేదని ఆయన నిరూపించాడు. అమెరికాలో అలొంజో చర్చ్ వేరే దారిలో అదే జవాబుకు కాస్త ముందే చేరాడు. ట్యూరింగ్ ఆయన దగ్గరికే ప్రిన్స్‌టన్ వెళ్లి 1938లో డాక్టరేట్ తీసుకున్నాడు.

ఆ వ్యాసంలో సిలబస్‌లోకి రాని ఒక చిన్న భాగం ఉంది. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే కాగితం, పెన్సిల్‌తో లెక్క చేసే మనిషి. ఆ మనిషి లెక్క మధ్యలో ఉండగా అతని తలలో ఒక మానసిక స్థితి ఉంటుంది కదా, దాన్ని యంత్రంలోకి ఎలా తేవాలి? ట్యూరింగ్ ఒక ఉపాయం చెప్పాడు. ఈ మనిషి ఎప్పుడైనా పని వదిలి లేచిపోతాడనీ, వెళ్లినంక అంతా మరిచిపోతాడనీ అనుకోండి. అయినా పని చెడకూడదంటే, లేచేముందు తర్వాత ఏం చేయాలో ఒక చీటీ రాసి పెట్టాలి. తిరిగొచ్చినాయన ఆ చీటీ చదువుకుని అక్కడి నుంచే సాగిస్తాడు. తలలోని స్థితి చేసే పనంతా ఆ చీటీ చేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు దోస్తు పాత ఫోన్ గుర్తొచ్చింది. కెమెరా తెరిచినప్పుడు మా యాప్ అట్లనే లేచి పోయింది. వచ్చేసరికి అంతా మరిచింది. నేను చీటీ పెట్టలేదు.

టెంటు, నల్లబల్ల, రిజిస్టరు

జయంతి రోజు గుట్ట కింద హెల్ప్ డెస్క్ టెంటు వేశారనుకోండి. వాలంటీర్లు ఒక్కొక్కరి చేతిలో ఒక నోట్‌ప్యాడ్. ఎవరిది వారిదే. ఇది ఆబ్జెక్టులో ఉండే మామూలు వేరియబుల్. టెంటుకు మాత్రం నల్లబల్ల ఒక్కటే. ఎవరు వచ్చినా దాని మీదే రాస్తారు, దాన్నే చదువుతారు. ఇది స్టాటిక్. ఆబ్జెక్టుకు కాదు, క్లాసుకు చెందింది. వంద ఆబ్జెక్టులు చేసినా కాపీ ఒక్కటే. ఇంకెక్కడో ఆఫీసు బీరువాలో రిజిస్టరు ఉంటుంది. అది డేటాబేసు.

ఫోన్ అడ్డంగా తిప్పితే యాండ్రాయిడ్ పాత యాక్టివిటీని తీసేసి కొత్తది చేస్తుంది. అంటే వాలంటీరు మారాడు. నోట్‌ప్యాడ్ పోయింది, నల్లబల్ల అట్లనే ఉంది. నేను మోసపోయింది ఇక్కడే. ఫోన్ తిప్పి చూసిన, స్టాటిక్ చెక్కుచెదరలేదు. అంతే, భద్రం అనుకున్న.

కానీ నల్లబల్ల ఆయుష్షు టెంటు ఆయుష్షే. యాప్‌లో టెంటు అంటే ప్రాసెస్. మన యాప్ వెనక్కి పోయి, ముందున్న యాప్‌కు మెమరీ చాలకపోతే సిస్టమ్ మన ప్రాసెస్‌ను లేపేస్తుంది. కెమెరా బాగా మెమరీ తింటది, రెండు జీబీ ఫోన్‌లో వెనకున్నది మా యాప్. టెంటు పీకేశారు. వెనక్కి రాగానే సిస్టమ్ కొత్త టెంటు వేసి, మనం చివర చూసిన స్క్రీన్‌నే మళ్లీ నిలబెట్టింది. వాడేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటది. నల్లబల్ల మాత్రం కొత్తది, ఖాళీది. అందులో ఉందనుకున్న పేరును చదవబోతే నల్ పాయింటర్ ఎక్సెప్షన్.

దీనికి ఉల్టా తిప్పలు కూడా ఉంది. బ్యాక్ నొక్కి బయటికి వస్తే యాప్ మూసుకున్నట్టే కనిపిస్తుంది కానీ ప్రాసెస్ చాలాసార్లు బతికే ఉంటది. మళ్లీ తెరిస్తే నల్లబల్ల మీద పాత రాతలే. మా యాప్‌లో ఇదీ జరిగింది. రెండో పిల్లాడి ఫారం తెరిస్తే మొదటి పిల్లాడి ఊరు అప్పటికే నిండి ఉంది. క్రాష్ అయితే కనీసం తెలుస్తది. తప్పు ఊరికి ఫోన్ పోతే ఎవరికి తెలుస్తది?

కోట్లిన్‌లో స్టాటిక్ అనే మాట లేదు, మాకు ఆ బాధ లేదనేవాళ్లకు: కంపానియన్ ఆబ్జెక్ట్‌లో పెట్టినా కథ ఇదే.

యుద్ధం, సైకిలు, వెండి కడ్డీలు

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మరునాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులో డ్యూటీకి చేరాడు. జర్మన్లు ఎనిగ్మా యంత్రంతో రహస్య సందేశాలు పంపుకునేవాళ్లు. దాన్ని మొదట ఛేదించింది పోలండ్ గణితజ్ఞులు. వాళ్ల పనిని అందుకుని ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించాడు, గోర్డన్ వెల్చ్‌మన్ దానికి మెరుగులు దిద్దాడు. మొదటిది 1940 మార్చిలో వచ్చింది. జర్మన్ నౌకాదళం వాడే ఎనిగ్మా అన్నిటికంటే కఠినం. ఆ పని చూసే హట్ 8కి ట్యూరింగే పెద్ద. అట్లాంటిక్‌లో ఓడలు మునగకుండా తిండిగింజలు బ్రిటన్‌కు చేరడం ఆ పని మీద ఆధారపడింది.

అక్కడ ఆయన సైకిలు గురించి ఒక కథ చెప్పుకుంటారు. కొన్ని చుట్లు తొక్కగానే చైన్ ఊడేది. రిపేరు చేయించకుండా చుట్లు మనసులో లెక్కపెట్టుకుంటూ, సరిగ్గా ఊడబోయే ముందు ఒక మెలిక తిప్పి దాన్ని నిలిపేవాడట. ఆ లెక్క అచ్చం మన స్టాటిక్ కౌంటర్. తొక్కుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క సున్నాకు వస్తుంది, చైన్ ఊడుతుంది.

ఇంకో సంగతి కథ కాదు, జరిగిందే. 1940లో బ్రిటన్‌ను జర్మన్లు ఆక్రమిస్తారని భయపడి సుమారు 250 పౌండ్ల విలువైన వెండి కడ్డీలు కొని, బ్లెచ్లీ దగ్గరి అడవిలో పాతిపెట్టాడు. చోటు మరిచిపోకుండా గుర్తులు సంకేత భాషలో రాసుకున్నాడు కూడా. యుద్ధం అయినంక పోయి చూస్తే ఆ పరిసరాలే మారిపోయాయి. లోహాలు పసిగట్టే పరికరం పట్టుకుపోయినా దొరకలేదు. ఇక్కడ చీటీ ఉంది, చీటీ చూపే చోటే లేదు. స్టాటిక్ వేరియబుల్‌లో యాక్టివిటీని దాచిపెట్టేవాళ్లకు ఇదే జరుగుతుంది. ఫోన్ తిప్పగానే అది పాత యాక్టివిటీ అయిపోతుంది. స్టాటిక్ మాత్రం ఇంకా దాన్నే చూపుతూ, మెమరీ నుంచి పోనియ్యకుండా పట్టుకుని కూర్చుంటుంది. మెమరీ లీక్ అనేది ఇదే.

పాతడం, తవ్వడం

1945 అక్టోబరులో ట్యూరింగ్ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో చేరాడు. కొన్ని నెలల్లోనే ఏసీఈ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కు పూర్తి డిజైన్ రాసి, 1946లో పై అధికారుల ముందు పెట్టాడు. ఖర్చు అంచనా 11,200 పౌండ్లు. మెమరీకి పాదరసం గొట్టాలు. ఒక చివర నుంచి శబ్ద తరంగాలుగా పంపిన అంకెలు రెండో చివరకు చేరగానే వాటిని పట్టి, బలం పెంచి మళ్లీ మొదటికి పంపాలి. ఒక్కో గొట్టంలో 1024 అంకెలు, ఒక చుట్టుకు సుమారు ఒక మిల్లీసెకను. తిరుగుతున్నంతసేపే జ్ఞాపకం. కరెంటు పోతే అంతా పోయినట్టే.

ఆ నివేదికలో ఒక ప్రశ్నకు జవాబుంది. ప్రోగ్రాం మధ్యలో ఇంకో చిన్న ప్రోగ్రాంకు పోయి పని చేసుకుని రావాలంటే, ఎక్కడికి తిరిగి రావాలో గుర్తుండేదెట్లా? పోయేముందు తిరిగి రావాల్సిన చోటును ఒకచోట పాతిపెట్టాలన్నాడు. పని అయినంక చివరగా పాతినదాన్ని ముందు తవ్వి తీయాలి. తన సూచనలకు పాతు, తవ్వు అనే అర్థమొచ్చే పేర్లే పెట్టాడు. మనం ఈరోజు స్టాక్ అంటున్నది ఇదే. అడవిలో వెండిని తవ్వలేకపోయిన మనిషి యంత్రానికి తవ్వడం సరిగ్గానే నేర్పాడు.

ఇప్పుడు ఫంక్షన్‌లో లోకల్ వేరియబుల్స్ కూడా ఈ స్టాక్ మీదే ఉంటాయి. ఫంక్షన్ అయిపోగానే అవీ పోతాయి. మరి ఒక పిలుపు నుంచి ఇంకో పిలుపుకు నిలవాల్సిన విలువ ఉంటే? 1960 నాటి ఆల్గాల్ భాష దానికోసం ఓన్ అనే మాట పెట్టింది. తర్వాత సీ భాషలో అది స్టాటిక్ అయింది. స్టాక్ బయట, ప్రోగ్రాం నడిచినంతకాలం ఒకే చోట ఉండేది. చూడండి, ఆ పేరులో ఉన్న హామీ అంతవరకే: ప్రోగ్రాం నడిచినంతకాలం. నేను దాన్ని ఎప్పటికీ అని చదువుకున్న.

ఏసీఈ పని నత్తనడక నడిచింది. విసిగిన ట్యూరింగ్ పరుగులో పడ్డాడు. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తిచేశాడు. 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. దాని చిన్న రూపం పైలట్ ఏసీఈ 1950 మేలో నడిచేనాటికి ఆయన అక్కడ లేడు. స్టాక్ ఆలోచనకు 1957లో మ్యూనిక్‌లో బావర్, సామెల్సన్ పేటెంటుకు దరఖాస్తు చేశారు. ట్యూరింగ్ నివేదిక పుస్తకంగా అందరి చేతికీ వచ్చింది 1986లో.

ఆఖరి ఏళ్లు

మాంచెస్టర్‌లో యంత్రానికి ప్రోగ్రామర్ల హ్యాండ్‌బుక్ రాశాడు. 1950లో యంత్రం ఆలోచిస్తుందా అన్న ప్రశ్న మీద ఆయన రాసిన వ్యాసం మనం చాట్‌బాట్‌ల కాలంలో కూడా చదువుతున్నాం. 1951లో రాయల్ సొసైటీ ఫెలో. 1952లో జంతువుల చర్మం మీద మచ్చలు, చారలు ఎట్లా ఏర్పడతాయో సమీకరణాలతో వివరించాడు.

అదే ఏడాది ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసుల విచారణలో తనకు ఒక మగవాడితో సంబంధం ఉందని దాచకుండా చెప్పాడు. అప్పటి బ్రిటన్‌లో అది నేరం. మార్చి 31న శిక్ష పడింది. జైలుకు బదులు ఏడాదిపాటు హార్మోన్ల మందు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. రహస్య పనులకు ఇక పనికిరాడన్నారు. తన దేశానికి ఏం చేశాడో కోర్టులో చెప్పుకునే వీలు కూడా లేదు, అదంతా రహస్యం. 1954 జూన్ 7న విల్మ్‌స్లోలోని తన ఇంట్లో సయనైడ్‌తో చనిపోయాడు. వయసు 41. విచారణలో ఆత్మహత్య అన్నారు. ప్రయోగం చేస్తూ పొరపాటున జరిగిందని తల్లి చివరిదాకా నమ్మింది.

ఆ తల్లి 1959లో కొడుకు జీవితకథ రాసింది. యుద్ధకాలం దగ్గరికి వచ్చేసరికి ఆమె రాయగలిగింది చాలా తక్కువ. బ్లెచ్లీలో పనిచేసిన వేలమంది ఎవరికీ చెప్పకుండా ఆ ఏళ్లను తలల్లోనే మోశారు. ఆ సంగతి లోకానికి తెలిసింది 1974లో. ఈలోపు ఎంతమంది ఆ జ్ఞాపకాలతోనే పోయారో. సూర్యకాంతి పువ్వులో గింజల వరుసల మీద ట్యూరింగ్ చేస్తున్న పని కూడా సగంలో ఆగింది. అయితే నోట్సు ఉన్నాయి. అందుకే తర్వాతివాళ్లు వాటిని విప్పి అచ్చు వేయగలిగారు.

2009లో బ్రిటిష్ ప్రధాని క్షమాపణ చెప్పాడు. 2013లో క్షమాభిక్ష వచ్చింది. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. ఆ దేశమే మనకు రాసిచ్చిపోయిన 377 సెక్షన్‌ను, ఇష్టపడిన పెద్దల విషయంలో చెల్లదని మన సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఆయన పేరుతో 1966 నుంచి ఇస్తున్న అవార్డును 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినాయన. మన బాసర క్యాంపస్ ఉన్న ఆర్జీయూకేటీకి తొలి ఛాన్సలర్ ఆయనే.

డెమో రోజు

ఆ రెండు రాత్రులు మేం స్టాటిక్‌లన్నీ ఏరి తీసేసినం. నింపుతున్న ఫారం కోసం ఆన్‌సేవ్ ఇన్‌స్టన్స్ స్టేట్‌లో బండిల్ రాసినం. ఆ బండిల్‌ను సిస్టమ్ మన ప్రాసెస్ బయట దాస్తుంది కాబట్టి టెంటు పీకినా అది ఉంటుంది. అదే ట్యూరింగ్ చీటీ. కాకపోతే చీటీ చిన్నగా ఉండాలె, ఫోటోలు దాంట్లో పెట్టొద్దు. ఇంకా, వాడేవాళ్లు యాప్‌ను రీసెంట్స్ నుంచి తోసేస్తే చీటీ కూడా పోతది. అందుకే ఒక్కో గడి నిండగానే రూమ్ డేటాబేసులో డ్రాఫ్టుగా రాసినం. వ్యూమోడల్ చాలు కదా అని ఒక దోస్తు అన్నడు. అది ఫోన్ తిప్పడానికి ఆగుతది గానీ ప్రాసెస్ పోతే దాంతోపాటే పోతది. స్టాటిక్‌ను ఎప్పటికీ మారని విలువలకే ఉంచినం.

జూనియర్లకు ఒక మాట. డెవలపర్ ఆప్షన్స్‌లో యాక్టివిటీలను ఉంచొద్దు అనేది ఆన్ చేసి, పరీక్ష అయిపోయిందనుకోకండి. అది యాక్టివిటీని తీసేస్తది, ప్రాసెస్‌ను కాదు. స్టాటిక్ బతికే ఉంటది, మీరు నాలాగే మోసపోతరు. యాప్‌ను హోమ్ బటన్‌తో వెనక్కి పంపి, ఏడీబీ షెల్‌లో ఏఎమ్ కిల్ కొట్టి, రీసెంట్స్ నుంచి తిరిగి తెరవండి. అప్పుడు తెలుస్తది మీ యాప్‌కు ఏం గుర్తుందో.

డెమోకు దోస్తు పాత ఫోన్‌నే పట్టుకుపోయినం. సార్ ముందు పేరు, ఊరు నింపి కెమెరా తెరిచినం. ఫోటో తీసి వెనక్కి వచ్చేసరికి స్క్రీన్ ఒక్క క్షణం తెల్లగా అయింది. ప్రాసెస్ పోయి కొత్తది వచ్చిందని మాకు తెలుసు, సార్‌కు తెలియదు. పేరు ఉంది. ఊరు ఉంది. సేవ్ కొట్టినం.